స్కోరు షీటులో లేని ఆట

మా సగరోళి నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, మంజీర పక్కన ఉంటుంది. ఏరు దాటితే బోధన్ వైపు, అంటే తెలంగాణ. 1956లో భాషలవారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హద్దు మా ముందు నుంచి పోయింది గాని, ఇటున్న తెలుగు ఇళ్లు ఇటే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గ్రౌండులో రెండూ. సంస్కృతి సంవర్ధన్ మండల్ 1959 నుంచి ఇక్కడ విద్యాసంస్థలు నడుపుతోంది కాబట్టి చుట్టుపక్కల పల్లెల పిల్లలు చదువుకోసం మా ఊరికి రావడం మాకు కొత్త కాదు. 1994లో నాందేడ్‌లో స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా యూనివర్సిటీ వచ్చింది. అంతవరకు మా కాలేజీలు ఔరంగాబాద్ యూనివర్సిటీ కింద ఉండేవి. అంత దూరం పోలేని పిల్లలకు అప్పటినుంచి యూనివర్సిటీ జెర్సీ కాస్త అందుబాటులోకి వచ్చింది.

నేను కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. బాస్కెట్‌బాల్ సెలెక్షన్ కమిటీలో ఈ ఏడు కొత్తగా కూర్చోబోయే పీడీలు కొందరు వచ్చి, "సార్, అంకెలు చూడమంటారా, ఆట చూడమంటారా?" అని అడిగారు. రెండూ చూడండి అనేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. దేన్ని ఎక్కడ నమ్మవచ్చో, ఎక్కడ నిలదీయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

1. స్కోరు షీటు ఏం రాస్తుందో, ఏం రాయదో ముందు తెలుసుకోండి

మన మ్యాచుల్లో టేబుల్ దగ్గర నింపేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) పద్ధతి షీటు. బాస్కెట్ పడితే ఆ అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రో పడితే నల్లటి చుక్క, మూడు పాయింట్ల షాట్ అయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్న. ఫౌళ్లకు ఐదు గళ్లు, టైమ్ అవుట్లకు కొన్ని గళ్లు. ఆటగాడి గురించి అది చెప్పేది దాదాపు అంతే. రీబౌండు ఎవరు పట్టారు, ఆ బాస్కెట్‌కు పాస్ ఎవరిచ్చారు, ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ణి ఎవరు కదలనివ్వలేదు, ఎన్ని షాట్లు వృథా అయ్యాయి, ఇవేవీ అందులో ఉండవు.

చివరి మాట మరోసారి చదవండి. 20 పాయింట్లు చేసిన కుర్రాడు 12 షాట్లలో చేశాడా, 30 షాట్లలో చేశాడా అన్నది షీటు చెప్పదు. 30 షాట్లు కొట్టినవాడు పక్కనున్న నలుగురికి రావలసిన బంతిని కూడా తానే వాడేసుకున్నాడు. అయినా పేపర్లో వాడి పేరే వస్తుంది, సెలెక్షన్ జాబితాలో వాడే మొదట ఉంటాడు.

అందుకే రెండో షీటు పెట్టండి. నోటుపుస్తకంలో చేత్తో గీసుకున్నా చాలు. కొట్టిన షాట్లు, పడినవి, రీబౌండ్లు, బాస్కెట్‌కు దారితీసిన పాసులు, చేజార్చుకున్న బంతులు. 2004లో డీన్ ఆలివర్ రాసిన 'బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్' అనే పుస్తకం మ్యాచ్‌ను గెలిపించేవి ప్రధానంగా నాలుగు అంటుంది: షూటింగ్, బంతి పోగొట్టుకోకపోవడం, అవతలి బోర్డు దగ్గర మళ్లీ రీబౌండు పట్టడం, ఫ్రీ త్రో లైనుకు చేరడం. ఈ నాలుగింటిలో మన అసలు షీటు నుంచి ఆటగాడివారీగా సరిగ్గా తెలిసేది ఒక్కటి కూడా లేదు. ఆటలో గాయపడి బయట కూర్చున్న రెండో సంవత్సరం కుర్రాడికి ఈ పని అప్పగించండి, వాడూ ఆట నేర్చుకుంటాడు.

2. ఒక్క మ్యాచ్‌తో సగటు కట్టకండి

మన ఇంటర్ కాలేజియేట్ పోటీలు నాకౌట్. ఓడితే ఇంటికే. చిన్న కాలేజీ జట్టుకు ఏడాది మొత్తం మీద దక్కేది ఒకటో రెండో మ్యాచులు. దానిమీద సగటు కట్టి "వీడు మ్యాచ్‌కు 18" అని రాస్తారు. అది సగటు ఎట్లా అవుతుంది?

ఒక లెక్క చెప్తాను. దూరం నుంచి మూడింట ఒకటి వేసే మామూలు షూటర్‌ను తీసుకోండి. నాలుగు షాట్లిస్తే వాడికి మూడు గాని, నాలుగూ గాని పడే అవకాశం తొమ్మిదింట ఒకటి. కాగితం మీద వేసి చూసుకోండి, సరిగ్గా అంతే వస్తుంది. ట్రయల్స్‌కు అలాంటి మామూలు షూటర్లు 18 మంది వస్తే, వాళ్లలో ఇద్దరు 75 శాతమో అంతకంటే ఎక్కువో వేసి కనబడటం సహజం. మనం ఆ ఇద్దర్నీ ఎత్తుకుని, మిగిలిన పదహారు మందిని బస్సెక్కిస్తాం. ఆ ఇద్దరికి ఆ పూట కలిసొచ్చింది, అంతే.

తక్కువ సమయంలో నమ్మదగిన అంకె కావాలంటే ఫ్రీ త్రోలు వేయించండి. బోర్డుకు దూరం ఎక్కడైనా 4.6 మీటర్లే, చేయి అడ్డం పెట్టేవాడు లేడు, పాస్ ఇచ్చేవాడి మంచిచెడులు లేవు. పరిస్థితుల ప్రభావం అంత తక్కువగా ఉండే అంకె ఈ ఆటలో ఇంకోటి లేదు. అమెరికాలో కాలేజీ కుర్రాడు ముందుముందు దూరపు షాట్లు వేయగలడా అని చూసే స్కౌట్లు కూడా మూడు పాయింట్ల శాతంతో పాటు ఫ్రీ త్రో శాతం అడుగుతారు. ప్రాక్టీస్ చివర్లో, కాళ్లు బరువెక్కాక, ఒక్కొక్కరితో 50 వేయించి రాసుకోండి. వారం తర్వాత మళ్లీ వేయించండి.

3. ఎవరి మీద చేశాడో అడగండి, కానీ ఆ ప్రశ్నతో పిల్లవాణ్ణి చంపేయకండి

ఈ విషయంలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ మనకు పెద్ద పాఠశాల. అక్కడ మూడు వందలకు పైగా కాలేజీలు పై డివిజన్‌లో ఆడతాయి, అందరూ అందరితో ఆడటం కుదరదు. కాబట్టి ఒకడి 20 పాయింట్లూ ఇంకొకడి 20 పాయింట్లూ ఒకటేనా అన్న తగువు ఏటా ఉంటుంది.

2010-11లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ కుర్రాడు జిమ్మర్ ఫ్రెడెట్ మ్యాచ్‌కు 28.9 పాయింట్లతో దేశం మొత్తానికి మొదటివాడయ్యాడు. అదే కాన్ఫరెన్స్‌లో, అంటే అదే కాలేజీల గుంపులో, శాన్ డియేగో స్టేట్ తరఫున ఆడిన కవై లెనర్డ్ మ్యాచ్‌కు 15.5 చేశాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు. 2011 జనవరిలో శాన్ డియేగో స్టేట్ మీద ఫ్రెడెట్ ఒక్కడే 43 కొట్టాడు. ఆ ఏడాది ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, ఫ్రెడెట్‌ను 10వ స్థానంలో తీసుకున్నారు, లెనర్డ్‌ను 15వ స్థానంలో. తర్వాత ఫ్రెడెట్ ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేకపోయాడు. లెనర్డ్ 2014లోనూ 2019లోనూ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. కాలేజీలో ఫ్రెడెట్ చేతిలో ఎప్పుడూ బంతి ఉండేది, ఎంత దూరం నుంచైనా కొట్టే స్వేచ్ఛ ఉండేది. ఎన్‌బీఏలో తనకంటే వేగం, పొడవు ఉన్న డిఫెండర్లు ఎదురయ్యేసరికి షాట్ కొట్టే ఖాళీ దొరకలేదు. లెనర్డ్ రీబౌండ్లు, పొడవైన చేతులు, ఎదుటివాణ్ణి కాచుకునే తీరు ఎక్కడికి వెళ్లినా అతనితోనే వెళ్లాయి.

ఈ కథ విని అంకెలు దండగ అనుకునేవాళ్లు స్టెఫెన్ కరీ కథ కూడా వినాలి. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ. 2008-09లో మ్యాచ్‌కు 28.6 పాయింట్లతో దేశంలో మొదటివాడు. చిన్న కాన్ఫరెన్స్, సన్నటి ఒళ్లు, పెద్దవాళ్ల ముందు ఆగుతాడా అని సందేహాలు. 2009 డ్రాఫ్ట్‌లో అతనికంటే ముందు ఆరుగురిని తీసుకున్నారు. అక్కడ అంకె నిజం చెప్పింది, సందర్భం పేరు చెప్పి పెద్దలు వెనకాడారు.

మరి ఫ్రెడెట్ ఎవరో, కరీ ఎవరో ముందుగా ఎట్లా తెలుస్తుంది? పూర్తిగా తెలియదు. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: గట్టి జట్టు ఎదురైన రోజు వీడి ఆట ఏమైంది? 2008 జాతీయ టోర్నమెంటులో కరీ ఉన్న డేవిడ్‌సన్ గొంజాగాను, జార్జ్‌టౌన్‌ను, విస్కాన్సిన్‌ను వరసగా ఓడించింది. చిన్న కాలేజీవాడన్న అనుమానానికి జవాబు ఆ మ్యాచుల్లోనే ఉంది.

మన దగ్గరా అంతే. తాలూకా కాలేజీ కుర్రాడు బలహీనమైన జట్ల మీద 25 చేశాడనుకోండి, "ఎవరి మీద చేశాడులే" అని పక్కన పెట్టేయకండి. నాందేడ్, లాతూర్ పెద్ద కాలేజీలతో ఆడిన మ్యాచ్ షీటు విడిగా తీయండి. అలాంటి మ్యాచే లేకపోతే ట్రయల్స్‌లో మీ దగ్గరున్న గట్టి డిఫెండర్‌ను వాడి మీద పెట్టి చూడండి. చిన్న కాలేజీలో చదవడం వాడు చేసిన నేరం కాదు, ఇంటి దగ్గరున్న కాలేజీ అదే.

4. ఆ ఆట ఏ నేల మీద నేర్చుకున్నాడో అడగండి

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.

ఒక ట్రయల్‌లో మా వైపు పల్లె కుర్రాడు ఒకడు సిమెంటు కోర్టు మీద ఆడుతున్నాడు. బంతి చేతిలో పడీ పడగానే ఇచ్చేస్తున్నాడు. ముందు దారి ఖాళీగా ఉన్నా కొట్టుకుంటూ పోవడం లేదు. షీటులో వాడి పేరు మీద 4 పాయింట్లు. పక్కన కూర్చున్న సెలెక్టర్ "భయపడుతున్నాడు" అని రాసేశారు. నేను వాణ్ణి పిలిచాను.

"ఎందుకురా బిడ్డా, ముందట జాగ ఉన్నా బాల్ ఇచ్చేస్తున్నవ్?"

"మా గ్రౌండ్‌ల బాల్ కొడ్తె ఎటు పోతదో తెల్వది సార్. రాళ్లుంటయ్. చేతిల పడంగనె ఇచ్చుడే అలవాటు."

మట్టి నేల, ఎగుడుదిగుడు, వానాకాలం అయితే బురద. అక్కడ డ్రిబ్లింగ్ చేసేవాడి బంతి పోతుంది, పాస్ ఇచ్చేవాడి బంతి ఉంటుంది. చెక్క పలకలతో కొట్టిన బోర్డుకు తగిలిన బంతి చచ్చినట్టు కింద పడుతుంది కాబట్టి వాడికి బోర్డు వాడుకోవడం రాదు, రింగులోకి నేరుగా వేయడమే వచ్చు. ఆ కుర్రాడి రెండో షీటు తీసి చూస్తే, వాడు కోర్టులో ఉన్నంతసేపూ పక్కవాళ్లకు పడిన బాస్కెట్లలో చాలావాటికి ముందు పాస్ వాడిదే. సిమెంటు మీద డ్రిబ్లింగ్ కొన్ని వారాల్లో నేర్పవచ్చు. ఎవరు ఎక్కడికి పరుగెత్తుతున్నారో ముందే చూసే కన్ను నేర్పాలంటే ఏళ్లు పడుతుంది, అప్పటికీ అందరికీ రాదు. వాణ్ణి జట్టులోకి తీసుకున్నాం.

అడగకపోతే ఇది తెలిసేది కాదు. ట్రయల్‌కు వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ మూడు మాటలు అడగండి: ఎక్కడ ప్రాక్టీస్ చేస్తావు, వారానికి ఎన్ని రోజులు బంతి దొరుకుతుంది, మీ జట్టులో నీ పనేమిటి. ఇద్దరు పిల్లలకు ఒకే అంకె వచ్చి, ఒకడు రోజూ మంచి కోర్టు మీద కోచ్ దగ్గర ఆడేవాడు, ఇంకొకడు వారానికి రెండు సాయంత్రాలు మట్టిలో ఆడేవాడు అయితే, నేను రెండోవాణ్ణే తీసుకుంటాను. ఇది జాలి అనుకోకండి. అంత తక్కువలో అంత నేర్చినవాడు రోజూ నేర్పితే ఇంకెంత దూరం పోతాడో ఊహించండి.

5. వయసు

ఫస్టియర్ కుర్రాడి 10 పాయింట్లకూ, పీజీ రెండో ఏడు కుర్రాడి 10 పాయింట్లకూ తేడా ఉంది. పేరు పక్కన చదివే సంవత్సరం రాసుకోండి. అంతే.

6. ఏ పని అప్పజెప్పారో తెలియకుండా మార్కులు వేయకండి

క్రికెట్‌నే చూడండి. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరి రోజు మన కాకినాడ హనుమ విహారి 161 బంతులాడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితి. అవతల అశ్విన్. మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ నిలబడింది. ఆ 23ను స్ట్రైక్ రేటుతో కొలిచేవాడికి ఆట అర్థం కానట్టే. ఆ రోజు అతనికున్న పని అవుట్ కాకపోవడం, ఆ పని పూర్తి చేశాడు.

మైకేల్ జోర్డాన్ నార్త్ కరోలినా కాలేజీలో మూడేళ్లు కలిపి చేసిన సగటు 17.7. అక్కడి కోచ్ డీన్ స్మిత్ జట్టులో బంతి అందరి చేతుల్లో తిరగాలి. 1984లో ఎన్‌బీఏకు పోయి, మొదటి ఏడాదే అతను 28.2 చేశాడు. మనిషి మారలేదు, అప్పజెప్పిన పని మారింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన తెలుగు టైటాన్స్. ప్రో కబడ్డీ పదో సీజన్‌కు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అతను రైడ్ పాయింట్లు దండిగా తెచ్చాడు. జట్టు 22 మ్యాచుల్లో రెండే గెలిచి అడుగున నిలిచింది. అతని అంకెల్లో అబద్ధం లేదు. కానీ ఒకడు పాయింట్లు తెస్తున్నా, సొంత జట్టు డిఫెన్స్ అంతకంటే ఎక్కువ ఇచ్చేస్తుంటే ఆ అంకె జట్టును నిలబెట్టలేదు. మా తాలూకా పిల్లలు బాస్కెట్‌బాల్ కంటే ముందు కబడ్డీ ఆడతారు కాబట్టి అంకె పని మొత్తం చెప్పదన్న మాట వాళ్లకు వెంటనే అర్థమవుతుంది: కార్నర్ మడమ పట్టుకుంటే పాయింటు కార్నర్ ఖాతాలోకి పోతుంది, రైడర్‌ను అటు తోలిన పక్కవాడి ఖాతా ఖాళీగా ఉంటుంది.

7. ప్లస్ మైనస్ లెక్క మంచిదే, గుడ్డిగా వాడకండి

కుర్రాడు కోర్టులోకి దిగినప్పుడు స్కోరు రాసుకోండి, బయటికి వచ్చినప్పుడు మళ్లీ రాసుకోండి. ఆ మధ్యలో మన జట్టు ఎన్ని ఎక్కువ చేసిందో, ఎన్ని తక్కువ చేసిందో తెలుస్తుంది. ఎన్‌బీఏలో షేన్ బాటియే అనే ఆటగాడు పాయింట్లూ రీబౌండ్లూ చూస్తే మామూలువాడు, అతను ఆడుతుంటే మాత్రం అతని జట్టు మెరుగుపడేది. 2009లో మైకేల్ లూయిస్ అతని గురించి రాసిన వ్యాసం తర్వాత ఈ లెక్కకు బాగా పేరొచ్చింది.

మన కాలేజీల్లో దీనికి ఒక చిక్కుంది. మొదటి ఐదుగురే దాదాపు 40 నిమిషాలూ ఆడతారు. ఐదుగురూ కలిసే దిగి కలిసే బయటికి వస్తే ఐదుగురి లెక్కా ఒకటే అవుతుంది, ఎవరి వల్ల ఏం జరిగిందో తేలదు. ట్రయల్స్‌లో ప్రతి పది నిమిషాలకూ ఐదుగురిని కలగాపులగం చేసి కొత్త జట్లు కట్టండి. ఎవడు ఏ జట్టులో ఉన్నా ఆ జట్టే ముందుంటే, వాడి దగ్గర ఏదో ఉన్నట్టు. అప్పుడు వాడి మీదే కళ్లు పెట్టి, ఆ ఏదో ఏమిటో కనిపెట్టండి.

8. ఆడపిల్లల షాట్ల శాతం చూసేముందు బంతిని చూడండి

మహిళల ఆట సైజు 6 బంతితో, పురుషుల ఆట సైజు 7తో. చాలా కాలేజీల స్టోర్ రూములో ఉండేవి సైజు 7 బంతులే, అవీ అబ్బాయిలు ఆడి వదిలిన తర్వాత. పెద్ద, బరువైన బంతితో ఏడాదంతా ఆడిన అమ్మాయి ట్రయల్‌కు వచ్చి తేలికైన బంతి పట్టుకుంటే మొదట్లో షాట్లన్నీ పొడవుగా పోతాయి. ట్రయల్‌కు ముందు అరగంట సైజు 6 బంతి చేతికివ్వండి. ఇంకో మాట. సాయంత్రం ఆఖరి బస్సుకు పోవలసిన అమ్మాయి ట్రయల్‌ను చివర్లో పెట్టకండి. గడియారం చూసుకుంటూ ఆడే పిల్ల అంకెలు ఆ పిల్ల అంకెలు కావు.

9. సిఫారసు వచ్చేది సందర్భం వేషంలోనే

ఇంతవరకూ సందర్భం చూడండి, సందర్భం చూడండి అన్నాను. ఇప్పుడు దాని ప్రమాదం చెప్పాలి.

సెలెక్షన్ ముందురోజు రాత్రి ఫోన్లు వస్తాయి. "మావాడు ఆ రోజు జ్వరంతో ఆడాడు సార్." "కోచ్‌కు మావాడంటే పడదు సార్, బాల్ ఇవ్వనివ్వలేదు." "మీరు అసలు ఆట చూడలేదు సార్." చెప్పేది సందర్భమే. అందులో కొంత నిజం కూడా ఉండవచ్చు. కానీ ఫోన్ చేయగలిగినవాడి కొడుక్కే సందర్భం ఉంటుంది. బీడీలు చుట్టే తల్లి కొడుక్కి, కూలికి పోయే తండ్రి కూతురికి మన నంబరు తెలియదు. వాళ్లకు జ్వరం వచ్చినా మనకు చెప్పేవాళ్లు లేరు.

అక్కడ వాళ్లను కాపాడేది అంకె. సంతకం పెట్టిన షీటు, ఫ్రీ త్రోల పట్టిక, తేదీ వేసిన నోటుపుస్తకం. "మీవాడు 50లో 19, ఆ అబ్బాయి 50లో 38, రెండుసార్లు వేయించాం" అని చెప్పగలిగితే అవతలి గొంతు తగ్గుతుంది. అంకెలే లేకుండా అంతా "నేను చూశాను, నాకు తెలుసు" మీద నడిచే సెలెక్షన్‌లో పేద పిల్లలు ఓడిపోవడం ఖాయం. అంకెలంటే గౌరవం లేని పెద్దమనుషులను చూసినప్పుడు నాకు కోపం వచ్చేది ఇందుకే.

కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి. సందర్భం ఏదైనా సరే, సెలెక్షన్‌కు ముందే పుస్తకంలోకి ఎక్కాలి. గాయం, జ్వరం, గాలి, తడి కోర్టు, ఎదుటి జట్టు బలం, అన్నీ మ్యాచ్ రోజునే, స్కోరర్ చేత్తో. అందరికీ ఒకే మూడు ప్రశ్నలు, అందరి జవాబులూ అదే పేజీలో. జాబితా వేసిన తర్వాత చెవిన పడిన సందర్భాన్ని లెక్కలోకి తీసుకోకండి.

10. కమిటీలో ముగ్గురూ ముందు విడివిడిగా రాయండి

పెద్దాయన నోరు తెరిచాక మిగతా ఇద్దరూ తలూపడం మన దగ్గర మర్యాద. సెలెక్షన్‌లో అది పనికిరాదు. ట్రయల్ అయ్యాక ముగ్గురూ మాట్లాడకుండా తలా పన్నెండు పేర్లు రాయాలి, ఒక్కో పేరు పక్కన ఒక అంకె, ఒక కారణం. ముగ్గురి జాబితాల్లోనూ ఉన్న పేర్ల మీద టైమ్ వృథా చేయకండి. ఒక్కరి జాబితాలోనే ఉన్న పేర్లు నాలుగైదు వస్తాయి. మీ గంటసేపు చర్చంతా వాటిమీదే జరగాలి. మట్టి నేల పిల్లలు, చిన్న కాలేజీ పిల్లలు, షీటులో నాలుగు పాయింట్లున్న పిల్లలు ఆ పేర్లలోనే దొరుకుతారు.

11. ఎంపిక కానివాళ్లకు పేజీ చూపించండి

పిలిచి కూర్చోబెట్టి చెప్పండి. "నువ్వు బాగానే ఆడావు గాని" అని మొదలుపెట్టే మాట వద్దు. "50 ఫ్రీ త్రోల్లో 22 పడ్డాయి, ఎడమ చేత్తో డ్రిబ్లింగ్ లేదు, రీబౌండ్లకు నీ జాగా బాగా పట్టుకుంటావు" అని ఉన్నదున్నట్టు చదివి వినిపించండి. కావాలంటే ఫోన్లో ఫొటో తీసుకోమనండి. ఫస్టియర్ పిల్లలైతే ఇంకా రెండేళ్లు వస్తారు. నోటుపుస్తకాన్ని కమిటీ మారినప్పుడు ఇంటికి తీసుకుపోకుండా కొత్తవాళ్ల చేతిలో పెట్టండి. వచ్చే సెప్టెంబరులో ఆ పిల్లవాడు మళ్లీ లైన్లో నిలబడ్డప్పుడు, పోయినేటి 22 ఇప్పుడెంతైందో ఆ పూట చూడవలసిన మొదటి సంగతి.